తుమ్మచెట్టు కింద రెండంకెల ర్యాంకు

కోవిడ్ ఆంక్షలు సడలిన తర్వాతి ఏడాది, మార్చి మొదటి సోమవారం, ఎనిమిది కథల రాతప్రతి ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. బల్ల మీదికి అనడం పాత అలవాటు, నిజానికి వచ్చింది కంప్యూటర్‌లోకే. అప్పటికి నేను అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థలో ఇరవై ఏళ్ల పైచిలుకుగా కాపీ ఎడిటర్‌ని. రిటైర్మెంట్ దగ్గర పడుతోంది. ఆ పుస్తకం అచ్చుకు వెళ్లాల్సిన గడువు మే నెలాఖరు.

కాపీ ఎడిటర్ అంటే ఏం చేస్తుందని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. మా ఆయన మాత్రం "కామాలు పెడుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కామాలూ పెడతాం, కాదనను. కానీ మా అసలు పని అనుమానపడటం. మూడో పేజీలో ఎడమచేతి వాటం ఉన్న మనిషి ముప్పయ్యో పేజీలో కుడిచేత్తో సంతకం పెడితే పట్టుకోవాలి. అమావాస్య నాడు వెన్నెల కాస్తే పట్టుకోవాలి. రచయిత మరిచిపోయినదాన్ని పాఠకుడు మరిచిపోడు కాబట్టి, ఆ ఇద్దరి మధ్యా మేం కూర్చుంటాం.

హోదాలో మాది కింది మెట్టు. పుస్తకాన్ని ఎంచుకుని రచయితతో ఒప్పందం చేసుకునే ఎడిటర్ అందరికన్నా పైన. మా దగ్గర ఆ పనిలో ఉన్నావిడ డయాన్. నాకన్నా పదేళ్లు చిన్నది, నాకన్నా పది రెట్లు ఓపిక ఉన్న మనిషి. కాపీ ఎడిటర్ విషయాన్ని మార్చకూడదు. అనుమానం వస్తే పక్కన ఒక ప్రశ్న రాయవచ్చు, దాన్ని క్వెరీ అంటాం. రచయిత దానికి జవాబిస్తారు. "స్టెట్" అని రాశారంటే ఉన్నది ఉన్నట్టే ఉంచమని అర్థం. ఇక మేం నోరు మూసుకోవాలి. నా నోటికి అదెంత కష్టమో మా ఆయన్ని అడగండి.

రాసినమ్మాయి పేరు మేఘన. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. రాసింది ఇంగ్లీషులో. నేను తెలుగుదాన్నని డయాన్ చెప్పిందట, ఇంకేముంది, మొదటి ఈమెయిల్‌లోనే "హాయ్ శారద ఆంటీ" అని మొదలుపెట్టింది. రాతప్రతి పూర్తయ్యేదాకా నేనెవరికీ ఆంటీని కానని తిరుగు టపాలో రాశాను. "ఓకే ఆంటీ" అని జవాబొచ్చింది.

కథలన్నీ ఎడారివి. అరిజోనా, న్యూమెక్సికో ఎడారుల్లో రోడ్డు పక్క ఊళ్లలో, చక్రాల ఇళ్లుండే ట్రెయిలర్ క్యాంపుల్లో, ఎక్కడా ఇమడని మనుషుల కథలు. ఒకే ఒక్క అతిథి తిరిగి వస్తాడని మోటెల్ గదులన్నీ ఖాళీగా ఉంచుకునే ఒక వితంతువు. వాన పడని చోట ప్రతి ఉదయం వానని కొలిచే మాజీ నేవీ వంటవాడు. స్కూలు బస్సు నడపడం మానేసి తాబేళ్లను పెంచుకునే ముసలామె. ఎవరినీ జాలిగా చూడలేదు, ఎవరినీ వింతగా చూపించలేదు. ఆ వయసుకి అంత నిబ్బరం ఎక్కడిదా అనిపించింది. నేను పని చేస్తూ పని మరిచిపోయి చదివిన పుస్తకాలు చాలా తక్కువ, అందులో ఇదొకటి.

ఎనిమిదో కథలో తెలుగువాడున్నాడు. కథలో అతని పేరు వాసు. అసలు మనిషి ఉన్నాడు, కానీ ఆ పేరు నేనిక్కడ రాయను. ఆయన ఉండే చోటు ఫీనిక్స్‌కి ఏ దిక్కో కూడా చెప్పను. ఆయన యాసను సైతం కాస్త మార్చే రాస్తున్నాను. నేనూ వాసు అనే పిలుస్తాను.

కథలోని వాసు ఎంసెట్‌లో రెండంకెల ర్యాంకు తెచ్చుకున్నవాడు. మంచి కాలేజీ, అమెరికా, పెద్ద కంపెనీ, అన్నీ వరసగా వచ్చాయి. ఒకరోజు ఉద్యోగం పోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక ఆరు నెలల పాటు రోజూ ఉదయం లంచ్ బాక్స్ పట్టుకుని కారులో బయల్దేరి లైబ్రరీ పార్కింగ్‌లో కూర్చునేవాడు. భార్యకు తెలిసిన రోజున ఆమె అడిగింది ఉద్యోగం గురించి కాదు, ఆ ఆరు నెలల గురించి. తర్వాత విడాకులు. తర్వాత ఎడారి. ఒక క్యాంపులో ట్రెయిలర్ పెట్టుకుని కూలర్లు బాగుచేసి బతుకుతుంటే, తెలుగు అసోసియేషన్ వాళ్లెవరో కనిపెట్టారు. వారం వారం పులిహోర డబ్బాలతో, సలహాలతో బృందాలుగా వచ్చారు. కాంట్రాక్ట్ ఉద్యోగం చూస్తామన్నారు, సంబంధం చూస్తామన్నారు, వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. అతను ట్రెయిలర్‌ని బండికి తగిలించుకుని మరో చోటికి వెళ్లిపోయాడు.

ఆ రెండో చోట కథ ముగుస్తుంది. అలాంటి క్యాంపుల్లో ఒక్కో ట్రెయిలర్‌కి ఒక్కో జాగా, ప్రతి జాగాకీ గుంజ మీద ఒక నంబరు బోర్డు ఉంటుంది. వాసు ఏరికోరి తన ర్యాంకు ఉన్న జాగానే తీసుకున్నాడు. చివరి పేరాలో అతను సాయంత్రం ఆ బోర్డు మీది బల్బు వేసి, ఆ అంకెను ఎవరో తెలిసినవాణ్ణి చూసినట్టు చూస్తాడు. పుస్తకం మొత్తంలో అంత మంచి పేరా లేదు. చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

తుడుచుకుని మళ్లీ పెట్టుకుని కథ మొదటికి వెళ్లాను. పరీక్ష రాసిన సంవత్సరం కథలో ఉంది. ర్యాంకూ ఉంది.

మార్జిన్‌లో క్వెరీ రాశాను: ఈ ర్యాంకు, ఈ జాగా నంబరు కల్పితమా, నిజమా? రెండు రోజుల్లో జవాబొచ్చింది. "రెండూ నిజమే! అందంగా కుదిరింది కదా? స్టెట్." పక్కన ఒక నవ్వు బొమ్మ.

తెలుగు పాఠకులకు నేను దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో ఇంజనీరింగ్‌కి రాష్ట్రం మొత్తానికి ఒకే ర్యాంకుల వరస. ఒక ఏడాది, ఒక అంకె అంటే ఒక్క మనిషి. రెండంకెల ర్యాంకైతే కోచింగ్ కాలేజీలు స్టాంపు సైజు ఫోటో కింద ఆ అంకె వేసి పేపర్లో పేజీలకు పేజీలు నింపేవి. పైగా ఈ కథలో ఆ అంకె పేరు మాత్రమే కాదు, చిరునామా కూడా. చాండ్లర్ నుంచి ఏ శనివారమైనా నలుగురు కారెక్కి, క్యాంపులన్నీ తిరిగి, ఆ నంబరు జాగా ముందు ఆగితే సరిపోతుంది. మళ్లీ పులిహోర. మళ్లీ వాసు బండి కట్టాలి.

నిబంధన ప్రకారం నేనక్కడ ఆగిపోవాలి. ఆగలేక డయాన్ గదికి వెళ్లాను. ఆవిడ శాంతంగా విన్నది. పేరు మార్చారు, ఊరు మార్చారు, భార్య పేరు మార్చారు, లాయరు చదివి సరేనన్నారు, ఒక పరీక్ష నంబరుతో మనిషిని ఎలా పట్టుకుంటారని అడిగింది. ఎలా పట్టుకుంటారో చెప్పాను. అయితే అంకె మార్చేస్తే పోతుంది కదా అంది.

నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ ఏ అంకె పెట్టినా అది ఇంకెవరిదో అవుతుంది. ఆ అంకె వచ్చినాయన ఎక్కడో డాలస్‌లో పిల్లల్ని ఈత క్లాసులో దించివస్తుంటాడు, ఆయన ఉద్యోగం పోయిందనీ, పెళ్లాం వదిలేసిందనీ ఊరంతా అనుకుంటారు. పోనీ ఎవరికీ రానంత పెద్ద అంకె పెడదామంటే, అది రెండంకెలవాడి కథ కాకుండా పోతుంది. ఇది చెప్పగానే డయాన్ నవ్వింది, నవ్వి ఆగిపోయింది. మీ వాళ్లందరికీ నంబర్లుంటాయా అని అడిగింది. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇవి, ఆ తర్వాత వేరేవి అన్నాను.

చివరికి ఆవిడ తన హోదాలో మాట్లాడింది. నిర్ణయం రచయితది, గడువు మారదు. కానీ కాపీ ఎడిటర్ రచయితను వెంటబెట్టుకుని ఆ మనిషి దగ్గరికి వెళ్లకూడదని ఏ నిబంధనలోనూ లేదు, పైగా నీకు వాళ్ల భాష వచ్చు అంది. పెట్రోలు ఖర్చు ఆఫీసుదేనా అని అడిగాను. ఆఫీసుదే అంది.

మే నెల రెండో వారంలో మేఘనను చాండ్లర్‌లో కారెక్కించుకున్నాను. పొడుగ్గా, గిరజాల జుట్టుతో, మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు వేసుకుని ఉంది. వాళ్లమ్మ నా కోసం కాకరకాయ వేపుడు డబ్బాలో పెట్టి పంపింది. బెల్టు పెట్టుకుంటూనే మొదలుపెట్టింది.

"ఆంటీ, నేను నేమ్ చేంజ్ చేశాను, ఊరు చేంజ్ చేశాను, వైఫ్ పేరు కూడా. వాసు అంకుల్‌కి ప్రామిస్ చేశాను, ఎవరూ రారు అని. అది జస్ట్ నంబర్ కదా? షూ సైజ్ లాగా."

ఇక్కడ పుట్టినపిల్ల. కాలేజీలో చేరడానికి వ్యాసం రాసింది, వాలంటీర్ పని చేసింది, వయొలిన్ వాయించింది. ఒక అంకె మనిషికి ఇంటిపేరులా అతుక్కుపోతుందని దానికెలా తెలుస్తుంది? తిట్టాలనిపించలేదు. కారు స్పీకర్‌లో మా మరిదికి ఫోన్ చేశాను. మరిది కృష్ణ నేపర్‌విల్‌లో ఉంటాడు. అతనిది నాలుగంకెల ర్యాంకు, రాసిన ఏడు కూడా వేరు, అంచేత వాసు సంగతి బయటపడే ప్రమాదం లేదు.

"కృష్ణా, నువ్వు ఎంసెట్ రాసిన ఏడు నీకు సరిగ్గా ముందు ర్యాంకు ఎవరిదో గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు వదినా! వాడి వల్లే కదా నాకు కంప్యూటర్స్ పోయి ఎలక్ట్రానిక్స్ తగిలింది. లాస్ట్ సీటు కొట్టేశాడు దొంగసచ్చినోడు. ఇప్పుడు రెడ్‌మండ్‌లో ఉన్నాడు, మొన్నే పెద్ద ఇల్లు కొన్నాడు. వాళ్లావిడ డెంటిస్టు, ఆవిడది ఏలూరు. అబ్బాయికి గడ్డం కింద పుట్టుమచ్చ..."

"సరే సరే. నీ తర్వాత ర్యాంకో?"

"వాడు ఆస్టిన్. ఎందుకొదినా, ఏదైనా సంబంధమా?"

ఏం లేదులే, ఊరికే అడిగానని పెట్టేశాను. "ఓ మై గాడ్ ఆంటీ," అంది మేఘన చిన్నగా. "అంకుల్‌కి తెలుసా ఇది? నంబర్ రాస్తున్నానని చెప్పాను, ఏం అనలేదు."

ఆయనకు తెలియకపోవడమేమిటి? మరి ఎందుకు వద్దనలేదో నాకూ అర్థం కాలేదు.

క్యాంపు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చలికాలంలో ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చే రిటైరైనవాళ్లతో అలాంటి చోట్లు కిటకిటలాడతాయి. ఏప్రిల్ వెళ్లగానే ఖాళీ. మిగిలింది ఎర్రమట్టి, గుంజలు, నంబర్లు, పదీ పన్నెండు ట్రెయిలర్లు. కారు తలుపు తీస్తే పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ కొట్టింది. ఆ ఎండలో ఒకే ఒక్క పెద్ద చెట్టు, దాని కింద లేత నీలం ట్రెయిలర్, పక్కన విప్పేసిన కూలర్లు నాలుగైదు. గుంజ మీద ఆ నంబరు.

వాసు నలభై అయిదు దాటిన మనిషి. బక్కపలచగా, జుట్టు వెనక్కి కట్టుకుని, చేతులకు నూనె మరకలతో బయటికి వచ్చాడు. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. చీర కట్టుకున్న పెద్దావిడ ఒకతె కారు దిగితే ఆయనకు పాత పులిహోర గుర్తొచ్చి ఉంటుంది. నేను అసోసియేషన్ దాన్ని కాను, కామాలు పెట్టేదాన్నని చెప్పాను. అప్పుడు నవ్వాడు.

లోపల వట్టివేళ్ల వాసన. ఇక్కడి కూలర్లలో చెక్కపీచు పెడతారు, ఆయన తన కూలర్‌కి మాత్రం వట్టివేళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాడట. ఇండియన్ స్టోర్ గుమ్మం ఎక్కి ఏళ్లయిందన్నాడు. మేఘన మొదటిసారి ఈ క్యాంపుకి వచ్చినప్పుడు బట్టలుతికే మెషిన్ల గదిలో నిలబడి వాళ్లమ్మతో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే, వినీ విననట్టు పోదామనుకుని పోలేకపోయానని చెప్పాడు. చాలా రోజుల తర్వాత ఆ అమ్మాయితోనే తెలుగులో గట్టిగా మాట్లాడాడట.

మేఘన కథ పేజీలు ఆయన చేతికిచ్చింది. ఆయన నిలబడే చదివాడు, చదివినంతసేపూ ఒక చెయ్యి కూలర్ మీదే ఉంది. చదివి "బావుంది. లైబ్రరీ పార్కింగు ముక్క బాగా రాశావు" అన్నాడు.

నేను విషయం చెప్పాను. ఈ అంకె ఉంటే ఆయన ఎవరో తెలుస్తుందని, ఎక్కడున్నాడో కూడా తెలుస్తుందని.

"తెలుసు మేడమ్," అన్నాడు. "చెప్పిన రోజే తెలుసు."

"తెలిసి ఎందుకూరుకున్నారు?"

"ఆ ముగింపు చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ముఖం మీరు చూడాల్సింది. ఎవరైనా నా ర్యాంకు గురించి అంత సంతోషంగా మాట్లాడి ఎన్నేళ్లయిందో. ఉంచండి. నేను జాగా మారతాను. ఇంటికి చక్రాలున్నాయి కదా."

కిటికీలోంచి దూరంగా కంచె పక్కనున్న ఒక జాగా చూపించాడు. నేలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చెట్టు కాదు కదా, పొద కూడా లేదు. పడమటి ఎండ నేరుగా కొడుతుంది. క్యాంపు యజమానితో మాట్లాడేశాననీ, వచ్చే నెల మారతాననీ మామూలుగా చెప్పాడు. "పేరు తెలిస్తే తెలియనీండి. నంబరు చూసుకుని వస్తే ఇక్కడ ఖాళీ జాగా ఉంటుంది."

ఈ చెట్టు మన సర్కారు తుమ్మ జాతిదేనని అప్పటికే చెప్పాడు. ఇక్కడ మెస్కీట్ అంటారు. మన దగ్గర పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదని తిట్టుకునే చెట్టు, ఇక్కడ దీని నీడ ఉంటే జూన్ నెల బతకొచ్చు, లేకపోతే లేదు. ఈ జాగా కోసం రెండేళ్లు ఎదురుచూశాడట. చుట్టుపక్కల వాళ్లందరూ కూలర్లు తెచ్చి ఈ నీడలోనే పెట్టి వెళతారు. అదే ఆయన దుకాణం, అదే ఆయన అరుగు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో చెప్పలేను. ఆ మనిషి మంచితనం మీద కూడా మండింది. ఒక పేరా కోసం ఒక మనిషి నీడ వదులుకుని ఎండలోకి జరగడమేమిటి? జరగాల్సింది పేరా కదా? కానీ అలా అనే అధికారం నాకు లేదు. కాపీ ఎడిటర్ అడగొచ్చు, మార్చకూడదు. నోటికి తాళం వేసుకుని మంచినీళ్లు తాగాను.

మేఘన తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. కిటికీలోంచి చూస్తున్నాం. నడుచుకుంటూ ఆ కంచె పక్క జాగాకి వెళ్లి మధ్యలో నిలబడింది. టోపీ లేదు, నీళ్ల సీసా లేదు. "పిల్లకి వడదెబ్బ తగులుతుంది," అని వాసు చెప్పులు వెతుక్కుంటుంటే నేనే ఆపాను. కాసేపు నిలబడనివ్వమన్నాను.

తిరిగి వచ్చేసరికి ముఖం ఎర్రగా కందిపోయింది. నీళ్లు కూడా తాగలేదు. "అంకుల్, మీరు మూవ్ అవ్వొద్దు," అంది. ఆయన ఏదో అనబోయాడు. "వద్దు. ప్లీజ్. అక్కడ ఏమీ లేదు." నా బ్యాగులో పెన్సిల్ ఎప్పుడూ ఉంటుందని ఆ పిల్లకి ఎలా తెలిసిందో, చెయ్యి చాపింది. ఇచ్చాను. కథ పేజీలు మోకాలి మీద పెట్టుకుని పరీక్ష రాసిన సంవత్సరం కొట్టేసింది. ర్యాంకున్న చోటల్లా అంకె కొట్టేసి "రెండంకెలు" అని రాసింది. చివరి పేరాను పైనుంచి కిందికి ఒక్క గీతతో కొట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

వాసు ఆ కొట్టేసిన పేరాని ఇంకోసారి చదివాడు. "మంచి పేరా," అన్నాడు. తర్వాత బయటికి వెళ్లి మా కారు అద్దాల మీద దుమ్ము తుడిచి, తుమ్మనీడలోకి తెచ్చి పెట్టుకోమన్నాడు. కాకరకాయ వేపుడు ఆయనకిచ్చేశాను. అది మేఘన వాళ్లమ్మ చేసిందని చెబితే తీసుకున్నాడు. అసోసియేషన్ ఆంటీలు పంపారంటే తీసుకునేవాడు కాదేమో.

తిరుగు ప్రయాణంలో మేఘన "నా ఎండింగ్ పోయింది ఆంటీ," అని ఏడ్చింది. పోయిందని నేనూ ఒప్పుకున్నాను. అబద్ధపు ఓదార్పు మా వృత్తిలో పనికిరాదు.

గడువుకు నాలుగు రోజుల ముందు కొత్త ముగింపు వచ్చింది. అందులో వాసు రంగు వేయడానికని నంబరు బోర్డు విప్పుతాడు. రంగు ఆరాక ఖాళీగా ఉన్న వెనక వైపు బయటికి వచ్చేలా తిప్పి, ఆ పాత మేకులతోనే బిగిస్తాడు. మర్నాడు పొద్దున ముసలామె ఒకతె పాడైన కూలర్ పట్టుకుని వస్తుంది. నంబరు లేకుండా ఎలా వచ్చావని అడిగితే, చెట్టు చూసి వచ్చానంటుంది. పాత పేరా అంత మెరుపు లేదు. నేను రెండు కామాలు తీసేసి, ఒక కామా పెట్టి, డయాన్‌కి పంపేశాను. ఆవిడ చదివి ఇది పాతదానికన్నా మంచిదంది. నేనిప్పటికీ ఒప్పుకోను.

పుస్తకం వచ్చాక, చలికాలం మొదట్లో, చాండ్లర్‌లో మనవాళ్లు ఒక సభ పెట్టారు. కమ్యూనిటీ హాలు, మడత కుర్చీలు, వెనక సమోసాలు, టీ ఫ్లాస్కు. మేఘన ఎనిమిదో కథలోంచి రెండు పేజీలు చదివింది. నేను చివరి వరసలో కూర్చున్నాను. చదవడం అయిందో లేదో ఒకాయన లేచాడు.

"అమ్మా మేఘనా, ఈ వాసు ఎవరో నేను కనిపెట్టేశాను."

నా చేతిలో టీ ఒలికింది. ఎక్కడ తప్పిపోయింది? ఏ పేజీలో ఏ ముక్క వదిలేశాను? ఒక్క క్షణంలో పుస్తకమంతా కళ్ల ముందు తిరిగింది.

"మా బ్యాచ్ సుధాకర్ కదూ? రెండంకెల ర్యాంకు, ఉద్యోగం పోయాక ఎవరికీ చెప్పకుండా మాయమయ్యాడు."

"సుధాకర్ కాదండీ," అన్నాడు పక్కాయన. "ఇది మురళి. నూటికి నూరు పాళ్లు మురళి. మా రూమ్మేట్."

ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. "మీరు తప్పు. ఇది మా పెద్దమ్మ కొడుకు. ఆ లంచ్ బాక్స్ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు."

ఇంకొకాయన ఇంకో పేరు చెప్పాడు. నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు, నలుగురూ కచ్చితంగా చెప్పారు. అందులో మా వాసు లేడు. ఏ ఏడాది, ఏ ర్యాంకు, చెప్పమ్మా తేల్చేద్దాం అని అడిగారు. మేఘన మైకు దగ్గరికి వంగి, దాని అమెరికన్ తెలుగులో, "నాకు తెలీదు అంకుల్. మీరు వాళ్లకి ఫోన్ చేసి అడగండి," అంది. అందరూ నవ్వారు.

టీ మరక కడుక్కోవడానికి నేను బయటికి వచ్చాను. మురళి పేరు చెప్పినాయన వరండా చివర నిలబడి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. అవతల ఎత్తినట్టున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, నేనురా... ఏం లేదురా, ఊరికే చేశాను... బాగున్నావా?" అన్నాడు. తర్వాత వింటూ వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

ఈ సంఘటన నాకు నేర్పింది నా పనికి సంబంధించినదే. ఒక వివరం నిజమేనా అని అడగటమే కాపీ ఎడిటర్ పని అని నాకు నేర్పారు, నేనూ ఏళ్ల తరబడి అదే అడిగాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకొకటి కూడా అడిగాను, ఈ వివరం ఎవరి గుమ్మం దాకా తీసుకెళుతుంది అని. మనవాళ్ల కథలైతే, పేరు మార్చామని రచయిత చెప్పగానే సరేనని ముందుకు పోవడం మానేశాను. కొత్త తెలుగువాడు తగిలితే ఏ ఊరు, ఏ కాలేజీ, ఏ బ్యాచ్, ఎంత ర్యాంకు అని అన్నీ అడిగాక, మనం ఆఖర్న అడిగేది పేరు.